చిల్లర పెన్నీలతో అక్షరాలు కొన్న మహనీయుడు: రెవరెండ్ అబ్సలోమ్ జోన్స్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫిలడెల్ఫియా నగరం పేరు వినగానే చదువుకొన్నవారికి స్వాతంత్ర్య ప్రకటన, బీటవారిన గంట, బెంజమిన్ ఫ్రాంక్లిన్ జ్ఞప్తికి వస్తారు. మానవులందరూ సమానులుగా సృజింపబడ్డారని ఆ నగరంలో పెద్దలు లోకానికి చాటిన 1776వ సంవత్సరంలో, అదే నగరంలో ముప్పై ఏండ్ల బానిస ఒకడు పగలంతా యజమాని దుకాణంలో మూటలు కట్టి, మోసి, రాత్రి పన్నెండు, ఒంటిగంట దాకా సొంత పని చేస్తూ ఉన్నాడు. భార్యను బానిసత్వం నుండి విడిపించడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆయన పేరు అబ్సలోమ్ జోన్స్. తరువాతి కాలంలో ఆ నగరంలో సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ దేవాలయాన్ని స్థాపించి, అమెరికాలో ఎపిస్కోపల్ సంఘపు గురుత్వం పొందిన మొట్టమొదటి నల్లజాతీయుడు ఆయనే.

పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో దూరదేశపు మతగురువు జీవితం ఎందుకని కొందరికి తోచవచ్చు. ఆయన కథలో అక్షరాలు నేర్చుకోవడం ఉంది, నెలకు ఒక షిల్లింగు చందాతో నిలిచిన సంస్థ ఉంది, పరాయివారి నగరంలో తమవారి కోసం తామే కట్టుకొన్న కట్టడం ఉంది. సొంత రాష్ట్రానికి వెలుపల చందా పుస్తకం చేతపట్టి ఇంటింటికీ తిరిగి బడి నిలిపిన మన పెద్దలను ఎరిగిన వారికి ఈ కథ పరాయిదిగా తోచదని నా నమ్మకం.

జోన్స్ 1746 నవంబరులో డెలావేర్‌లోని ససెక్స్ ప్రాంతంలో బానిసగా జన్మించారు. చిన్నతనంలోనే పొలం పని నుండి తప్పించి యజమాని ఇంటిలో ఊడిగానికి పెట్టుకొన్నారు. పొలంలో ఒళ్ళు విరిగే చాకిరి నుండి బయటపడటమే కాక, ఇంటిలో ఉండటం వలన మరొక మేలు జరిగింది. వచ్చిపోయే అతిథులు పిల్లవాడి చేతిలో ఒకటి రెండు పెన్నీలు పెట్టేవారు. ఆ చిల్లరను తినుబండారాలకు ఖర్చుపెట్టకుండా కూడబెట్టి, మొదట ఒక అక్షరమాల పుస్తకం కొన్నాడు. దానిని వెంటపెట్టుకొని తిరుగుతూ, చదువు వచ్చిన వారు ఎవరు కనిపించినా ఒక పాఠం చెప్పమని బ్రతిమాలేవాడు. తరువాత గుణింతాల పుస్తకం ఒకటి, ఆపైన క్రొత్త నిబంధన ఒకటి సంపాదించుకొన్నాడు.

1762లో పదహారేళ్ళ వయస్సున ఆయనకు పిడుగుపాటు వంటి సంఘటన జరిగింది. యజమాని ఆస్తులు అమ్ముకొని ఫిలడెల్ఫియాకు తరలిపోతూ జోన్స్ తల్లిని, అయిదుగురు సోదరులను, ఒక సోదరిని అమ్మివేశాడు. ఈయనను మాత్రం వెంట తీసుకొనిపోయాడు. ఫిలడెల్ఫియాలో ఆయన పని దుకాణంలో సరుకు సర్దటం, మూటలు కట్టడం, ఇండ్లకు చేర్చడం. ఆ దుకాణంలోని గుమాస్తా ఒకడు దయతలచి వ్రాయడం నేర్పాడు. కొంత కాలానికి తన చేవ్రాతతో తల్లికి, సోదరులకు ఉత్తరం వ్రాయగలిగానని తరువాత తాను వ్రాసుకొన్న చిన్న జీవిత వృత్తాంతంలో జోన్స్ చెప్పుకొన్నారు. ఆ వృత్తాంతం కొద్ది పుటలే. దానిలో ఎక్కడా ఆక్రోశం లేదు. ఎవరెవరు ఎక్కడికి అమ్ముడుపోయారో వివరించకుండా, ఉత్తరం వ్రాయగలిగిన సంగతి ఒకటి మాత్రం చెప్పి ఊరుకొన్నారు. చదివేవారికి అది చాలు.

1766లో యజమాని అనుమతి పొంది, క్వేకర్లు నల్లవారి కోసం నడుపుతున్న రాత్రి పాఠశాలకు మూడు నెలలు వెళ్ళారు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, బంగారం తూకపు లెక్కలు, మందుల తూకపు లెక్కలు: ఒక్క త్రైమాసికంలో నేర్చుకొన్నవి ఇవి. వయోజనునిగా ఆయన ఎరిగిన బడి ఇదొక్కటే. ఈ లెక్కల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ఇరవై ఏడేండ్ల తరువాత ఇవే ఆయన జాతి పరువును కాపాడాయి.

1770లో జోన్స్ పొరుగింటి బానిస యువతి మేరీని వివాహమాడారు. ఆ కాలపు శాసనం ప్రకారం పుట్టే పిల్లల స్థితి తల్లి స్థితిని బట్టి నిర్ణయమయ్యేది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస, తల్లి స్వతంత్రురాలైతే బిడ్డ స్వతంత్రుడు. అందువలన ఆయన తన విముక్తికి ముందు భార్య విముక్తిని కోరారు. ఆమె యజమానురాలు నలభై పౌండ్లు ధర చెప్పింది. చేతిలో డబ్బు లేదు. ఒక విన్నపపత్రం వ్రాయించుకొని, మామగారితో కలిసి నగరంలోని క్వేకరు పెద్దల ఇండ్లకు వెళ్ళారు. కొందరు అప్పుగా, కొందరు ఉచితంగా ఇచ్చిన సొమ్ము ముప్పై పౌండ్లు పోగయింది. మిగిలిన పది పౌండ్లను యజమానురాలు వదలివేసింది. ఆ అప్పు తీర్చడానికీ, సంసారం గడపడానికీ ఏడేళ్ళు అర్ధరాత్రి దాటేవరకు శ్రమించారు.

అప్పు తీరి కొంత సొమ్ము చేరిన తరువాత 1778లో తన్ను తాను కొనుక్కొంటానని యజమానిని అడిగారు. ఆయన అంగీకరించలేదు. ఆ సొమ్ముతో చిన్న ఇల్లు, స్థలం కొన్నారు. బానిసగా ఉన్నవాడు ఇంటి యజమాని కావడం విచిత్రంగా ఉంటుంది. దానిలో ఉన్న ప్రమాదం జోన్స్‌కు తెలుసు. యజమాని ఆస్తి జప్తు అయితే బానిస పేరిట ఉన్న ఇల్లు కూడ పోతుందేమోనన్న భయంతో మళ్ళీ మళ్ళీ అడిగారు. చివరకు 1784 అక్టోబరులో, ముప్పై ఏడేండ్లు నిండి ముప్పై ఎనిమిది నడుస్తుండగా, విముక్తి పత్రం చేతికి వచ్చింది. ఆ తరువాత కూడా అదే దుకాణంలో, ఈసారి జీతానికి, పని చేశారు. ఆ యజమానిని గురించి ఆయన ఆఖరివరకు మంచిమాటే చెప్పారు. ఆ సౌమ్యత ఎందరికో మెచ్చుకోలుగా తోచింది, కొందరికి అర్థం కాలేదు. తన తల్లిని అమ్మిన మనిషిని గూర్చి అంత శాంతంగా వ్రాయగలగడం నాకు మాత్రం ఇప్పటికీ కొరుకుడుపడని విషయమే.

ఆ రోజులలో నల్లవారు ఆరాధనకు సెయింట్ జార్జి మెథడిస్టు దేవాలయానికి వెళ్ళేవారు. 1786లో రిచర్డ్ ఆలెన్ అనే యువ బోధకుడు ఫిలడెల్ఫియాకు వచ్చారు. ఆయన కూడ డెలావేర్‌లో బానిసత్వం నుండి డబ్బు చెల్లించి విడుదలైనవాడే. తెల్లవారుజామున అయిదు గంటలకు ఆలెన్ ప్రసంగించడం, జోన్స్ ఇంటింటికీ వెళ్ళి జనాన్ని కూడగట్టడం, ఈ ఇద్దరి పూనికతో దేవాలయంలో నల్లవారి సంఖ్య పెరిగింది. సంఖ్య పెరిగిన కొద్దీ తెల్లవారిలో అసహనం పెరిగింది. మొదట గోడల వెంబడి నిలబెట్టారు, తరువాత మేడమీద కట్టిన గ్యాలరీకి వెళ్ళమన్నారు. ఆ కట్టుబడికి నల్లవారు కూడ చందా ఇచ్చి, శ్రమదానం చేసినవారే.

ఒక ఆదివారం గ్యాలరీలో తమకు చూపిన చోటుననే అనుకొని వారు మోకరించారు. ప్రార్థన నడుస్తూ ఉంది. ధర్మకర్తలలో ఒకడు వచ్చి జోన్స్‌ను చేయిపట్టి లేపి, ఇక్కడ కాదు పొమ్మన్నాడు. ప్రార్థన ముగిసేదాకా ఆగమని జోన్స్ వేడుకొన్నారు. ఆగనని అతడు మరొకనిని సాయం పిలిచాడు. ఇంతలో ప్రార్థన ముగిసింది. నల్లవారందరూ ఒక్కుమ్మడిగా లేచి బయటికి నడిచారు, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇది 1787లో జరిగిందని చాలాకాలం చెప్పుకొన్నారు; గ్యాలరీ కట్టిన లెక్కలను పరిశీలించిన చరిత్రకారులు 1792 ప్రాంతమని తేల్చారు.

అయితే వారు బయటికి నడవడానికి ముందే తమ కాళ్ళమీద నిలబడటం నేర్చుకొన్నారు. 1787 ఏప్రిల్ 12న జోన్స్, ఆలెన్, మరికొందరు కలిసి ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే పరస్పర సహాయ సంఘాన్ని స్థాపించారు. ప్రతి సభ్యుడు నెలకు ఒక వెండి షిల్లింగు చెల్లించాలి. ఏడాది పాటు చెల్లించిన వాడు జబ్బుపడినా, కష్టాల పాలైనా వారానికి మూడు షిల్లింగుల తొమ్మిది పెన్నీలు పొందేవాడు. అయితే ఆ కష్టం తన దుర్వ్యసనం వలన తెచ్చుకొన్నది కాకూడదు. తాగుబోతులకు సభ్యత్వం లేదు. చనిపోయిన సభ్యుని భార్యకు ఆసరా ఇవ్వడం, పిల్లలను బడికో పనికో కుదర్చడం సంఘం బాధ్యత. ప్రభుత్వం గాని, దొరలు గాని చూడని మనుష్యులకు ఇది భీమా కార్యాలయం, పంచాయతీ, బంధువర్గం అన్నీ తానే అయింది. క్వేకరుల పోకడలు సంఘంలో ఎక్కువైనాయని ఆలెన్ రెండేళ్ళకే తప్పుకొన్నారు. జోన్స్ నిలబడ్డారు.

ఆ సంఘం నుండే సొంత దేవాలయం కట్టుకోవాలనే సంకల్పం పుట్టింది. డాక్టర్ బెంజమిన్ రష్ వంటి నగర ప్రముఖులు తోడ్పడ్డారు. అయిదవ వీధిలో స్థలం కొని పని మొదలుపెట్టారు. డబ్బు మాత్రం అడుగడుగునా అడ్డుపడింది. 1793 వేసవిలో సెయింట్ డొమింగ్ ద్వీపంలో బానిసల తిరుగుబాటుకు జడిసి పారిపోయి వచ్చిన ఫ్రెంచి భూస్వాములకు నగరవాసులు కొద్దిరోజులలోనే వేలాది డాలర్లు పోగుచేసి ఇచ్చారు. బానిసలను ఏలినవారికి ధారాళంగా తెరుచుకొన్న సంచులు బానిసత్వం నుండి విడుదలైన వారి గుడికి వచ్చేసరికి బిగుసుకొన్నాయి.

ఎట్టకేలకు 1793 ఆగస్టులో పైకప్పు ఎత్తారు. ఆ రోజు చెట్ల నీడన విందు జరిగింది. దాదాపు నూరుగురు తెల్ల వడ్రంగులు, పనివారు బల్లలముందు కూర్చుండగా నల్లవారు వడ్డించారు. వారు లేచిన తరువాత నల్లవారు అవే బల్లల ముందు కూర్చున్నారు, తెల్లవారు వడ్డించారు. పంక్తిభేదం మాట మనకు కొత్త కాదు గనుక, ఆనాటి ఆ రెండవ పంక్తి ఎంతటి సంగతో విడమరచి చెప్పనక్కరలేదు. డాక్టర్ రష్ ఈ విందును ఆనందంతో వ్రాసిపెట్టారు.

సరిగా అదే వారాలలో రేవు వీధులలో జ్వరం మొదలైంది. ఎల్లో ఫీవర్ అనే ఆ పచ్చజ్వరం ఆగస్టు నుండి నవంబరు వరకు ఫిలడెల్ఫియాను కబళించింది. సుమారు యాభైవేల జనాభాలో అయిదువేలమంది మరణించారు. అప్పుడు ఆ నగరం దేశ రాజధాని. అధ్యక్షుడు వాషింగ్టన్ మొదలు అధికారులు, సంపన్నులు ఊరు విడిచారు. భర్తను భార్య, బిడ్డను తండ్రి వదలి పారిపోయిన ఇండ్లున్నాయి. దోమకాటు వలన ఈ వ్యాధి సోకుతుందన్న సంగతి 1900 వరకు నిర్ధారణ కాలేదు. నల్లవారికి ఈ జ్వరం అంటదని డాక్టర్ రష్ నమ్మి, రోగులకు సేవ చేయవలసిందని వారిని కోరారు. ఆ నమ్మకం తప్పని తరువాత తేలింది. నల్లవారు కూడా వందలమంది చనిపోయారు.

జోన్స్, ఆలెన్ ఆలోచించుకొని మేయరు వద్దకు వెళ్ళి సేవకు సిద్ధమన్నారు. వారు మొదట అడుగుపెట్టిన ఇంటిలో తల్లి చనిపోయి ఉంది, తండ్రి చావుబ్రతుకులలో ఉన్నాడు, దిక్కులేని పసివాళ్ళు ఇద్దరు వారి నడుమ ఉన్నారు. ఆనాటి నుండి నర్సులను కుదర్చడం, శవాలను మోయించడం, పూడ్చడం వారి పని అయింది. వైద్యులు కరవై పోగా డాక్టర్ రష్ చెప్పిన పద్ధతిలో ఎనిమిది వందల మందికి పైగా నెత్తురు తీశారు. ఆ చికిత్స వలన మేలు జరగలేదని నేటి వైద్యులు అంటారు. ఆనాడు అంతకు మించి ఎరుగరు.

జ్వరం చల్లారిన వెంటనే మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త ఆ ఉపద్రవాన్ని గురించి పుస్తకం వెలువరించాడు. అది చేతులమీద అమ్ముడుపోయి మళ్ళీ మళ్ళీ ముద్రణ పొందింది. అందులో జోన్స్‌ను, ఆలెన్‌ను మెచ్చుకొంటూనే, నల్ల నర్సులు అధిక ధరలు గుంజారని, ఇండ్లు దోచారని వ్రాశాడు. నాయకులిద్దరినీ పొగిడి జనులందరినీ దొంగలు చేయడం పాతకాలపు నేర్పే. ఆ మెచ్చుకోలుతో సంతృప్తిపడి ఊరకుండే మనుష్యులు కారు వారిద్దరు.

1794 జనవరిలో జోన్స్, ఆలెన్ కలిసి సమాధానంగా చిన్న పుస్తకం అచ్చువేశారు. దానిలో వారు తిట్టలేదు, లెక్క చెప్పారు. శవాలు పూడ్చినందుకు చేతికి వచ్చిన సొమ్ము 233 పౌండ్ల 10 షిల్లింగుల 4 పెన్నీలు. డబ్బు రాని శవపేటికలకు పెట్టిన ఖర్చు 33 పౌండ్లు. అయిదుగురు కూలీలకు, ముగ్గురికి 70 రోజులు, ఇద్దరికి 63 రోజులు, ఇచ్చిన కూలి 378 పౌండ్లు. నికరంగా చేతినుండి పోయినది 177 పౌండ్ల 9 షిల్లింగుల 8 పెన్నీలు. రావలసిన బాకీలు 110 పౌండ్లున్నా అవి వస్తాయన్న ఆశ లేదు. వందలాది బీదలను, దిక్కులేనివారిని ఏమీ తీసుకొనకుండా పూడ్చిన సంగతి వేరు. రాత్రి బడిలో నేర్చిన కూడికలు, తీసివేతలు ఇక్కడ అక్కరకు వచ్చాయి. ఆ అంకెలను ఇప్పుడు కూడినా పెన్నీ తేడా రాదు.

ధరలు పెరిగిన మాట నిజమేనని, కలిగినవారే ఒకరికంటె ఒకరు ఎక్కువ ఇస్తామని నర్సులను లాక్కొనిపోయినందున పెరిగాయని వివరించారు. దోచుకొన్నవారిలో తెల్లవారూ ఉన్నారని ఉదాహరణలు చూపారు. కేరీ ఆపత్కాలంలో తానే ఊరు విడిచి వెళ్ళిన సంగతిని, పుస్తకం అమ్మి సంపాదించిన సంగతిని జ్ఞాపకం చేశారు. ఆ పుస్తకంలో కొందరు సామాన్యులు మెరుస్తారు. ఇంత కూలి కావాలని అడగక, చలికాలంలో ఒకపూట భోజనం పెడితే చాలునన్న ముసలమ్మ ఉంది. సాంప్సన్ అనే బీదవాడు రూక ఆశించక ఇల్లిల్లూ తిరిగి సేవ చేసి, చివరకు అదే జ్వరంతో పోయాడు. అతడు ఆదుకొన్నవారెవరూ అతని కుటుంబాన్ని తొంగిచూడలేదు. నగర మేయరు జోన్స్, ఆలెన్‌ల సేవను ధ్రువపరుస్తూ పత్రం ఇచ్చాడు. అమెరికాలో నల్లవారు తమపై పడిన నిందకు అచ్చులో జవాబు చెప్పుకొన్న తొలి గ్రంథాలలో ఇది ఒకటి.

దేవాలయాన్ని 1794 జూలై 17న ప్రతిష్ఠించారు. ఇక ఏ శాఖలో చేరాలన్న ప్రశ్న వచ్చింది. మెథడిస్టుల వలన తిన్న దెబ్బ పచ్చిగా ఉంది. అధిక సంఖ్యాకులు ఎపిస్కోపల్ సంఘాన్ని కోరారు. ఇంగ్లండు సంఘపు ఆరాధనా క్రమాన్నే పాటిస్తూ, అమెరికా స్వాతంత్ర్యం తరువాత 1789లో విడిగా ఏర్పడిన సంఘమిది. మన దక్షిణ ఇండియా సంఘానికి దూరపు చుట్టరికం ఉన్నదే. గురుత్వాన్ని మొదట ఆలెన్‌కు ఇవ్వజూపారు. మెథడిస్టు మార్గం వదలలేనని ఆయన కాదన్నారు. వేరుగా బేతేలు దేవాలయం కట్టి, 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘానికి తొలి బిషప్ అయ్యారు. దారులు వేరైనా మిత్రులిద్దరూ కడవరకు కలిసే పనిచేశారు.

జోన్స్ నాయకత్వాన సభ్యులు బిషప్ విలియం వైట్‌కు మూడు షరతులు పెట్టారు. తమను ఏర్పడిన సంఘంగా యథాతథంగా చేర్చుకోవాలి. తమ వ్యవహారాలపై శాశ్వతాధికారం తమకే ఉండాలి. జోన్స్‌కు ఆరాధన జరిపే అనుమతి ఇచ్చి, అర్హుడని తేలితే గురువుగా అభిషేకించాలి. బిషప్ సమ్మతించారు. ఆ శరత్కాలంలోనే సెయింట్ థామస్ సంఘం చేరిక జరిగింది.

అయితే ఒక ముడి మిగిలింది. అభిషేకానికి గ్రీకు, లాటిను భాషలు రావాలన్నది నియమం. మూడు నెలల రాత్రి బడి చదువుకు అవి ఎక్కడివి? 1795లో ప్రాంతీయ మహాసభ ఆ నియమాన్ని జోన్స్ విషయంలో సడలించింది. దానికి ప్రతిగా, సెయింట్ థామస్ సంఘం తన గురువును గాని ప్రతినిధులను గాని మహాసభకు పంపకూడదని కట్టడి చేసింది. భాష మినహాయింపు ఒక్క మనిషికి, నిషేధం సంఘమంతటికీ, అదీ తరతరాలకూ. గ్యాలరీకి పొమ్మన్నవారిని కాదని వచ్చిన మనుష్యులకు ఇది మరొక గ్యాలరీ.

జోన్స్ దానికి తలవంచడం తప్పని కొందరు అంటారు. నేను ఆ పక్షం కాదు. తన గుడి తాళపుచెవులు, తన పద్దు పుస్తకం, తన బడి తన సంఘం చేతిలో ఉన్నాయి. మహాసభలో కుర్చీ కోసం వాటిని పణం పెట్టడానికి ఆయన సిద్ధపడలేదు. అవమానం మాత్రం అవమానమే; దానిని మరుగుపరచి ఆయనను కీర్తించడం కూడ న్యాయం కాదు. 1795లో డీకన్‌గా అభిషేకం పొందిన ఆయన, పూర్తి గురుత్వానికి పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాల దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడొకరు బిషప్ కావడానికి 1912 వరకు ఆగవలసి వచ్చిన సంగతి కూడ ఇక్కడ తలపుకు వస్తుంది. తమిళనాట పుట్టి, తెలుగు నేర్చి, మన డోర్నకల్‌కు తొలి బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారే ఆయన.

సెయింట్ థామస్ ఆదివారపు ఆరాధనకే పరిమితమైన కట్టడం కాదు. పెండ్లిండ్లు, బాప్తిస్మాలు, సమాధి కార్యాలు అక్కడ గౌరవంగా జరిగేవి. కుటుంబం అమ్మకాలలో చెల్లాచెదరైన జాతికి, ఫలానావారు ఫలానావారి భార్యాభర్తలని, ఫలానావారి బిడ్డలని వ్రాసి ఉంచిన రిజిస్టరు ఎంత విలువైనదో ఊహించవచ్చు. స్త్రీల సహాయ సంఘం, పురుషుల స్నేహ సంఘం దాని ఆశ్రయంలో నడిచాయి. నల్లపిల్లల కోసం ఒక పాఠశాల తెరిచారు. తెరచాపల తయారీలో ఐశ్వర్యం గడించిన జేమ్స్ ఫోర్టెన్ వంటి ప్రముఖుడు ఆ దేవాలయ కార్యవర్గంలో కూర్చొనేవాడు. చాకలిపని, బండిపని చేసుకొనేవారు అదే బల్లలపై కూర్చొనేవారు. జోన్స్ గొప్ప వక్త అని పేరుపడలేదు. రోగి మంచం వద్ద, చావు ఇంటిలో, తగవు పడ్డ అన్నదమ్ముల నడుమ ఆయన ఉండేవారు. జనులు ఆయనను ప్రేమించింది అందుకు.

1799 చివరలో ఫిలడెల్ఫియాలోని స్వతంత్రులైన నల్లవారు డెబ్బైమందికి పైగా దేశ కాంగ్రెసుకు ఒక విన్నపం వ్రాశారు. బానిస వ్యాపారాన్ని అరికట్టాలని, స్వతంత్రులను సైతం పారిపోయిన బానిసలని నెపంపెట్టి ఎత్తుకొనిపోవడానికి వీలిచ్చిన 1793 నాటి చట్టాన్ని సవరించాలని, బానిసల విడుదలకు మెల్లగానైనా దారి చూపాలని వారి కోరిక. మొదటి సంతకం జోన్స్‌ది. అక్షరం రానివారు గీత గీసి గుర్తుపెట్టారు. 1800 జనవరి తొలిదినాలలో ప్రతినిధుల సభ చర్చించి, అటువంటి కోరికలకు ప్రోత్సాహం ఇవ్వరాదని 85 ఓట్లతో తీర్మానించింది. ఎదురు పడ్డ ఓటు ఒక్కటి, మాసాచుసెట్స్ సభ్యుడు జార్జి థాచర్‌ది.

1808 జనవరి 1 నుండి విదేశాల నుండి బానిసలను దిగుమతి చేసుకోవడం చట్టరీత్యా ఆగిపోయింది. ఆ రోజు సెయింట్ థామస్‌లో జోన్స్ కృతజ్ఞతా ప్రసంగం చేశారు. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల దాస్యాన్ని తమ దాస్యంతో పోల్చి, ప్రతి సంవత్సరం ఆ దినాన్ని పండుగగా పాటించి పిల్లలకు చరిత్ర చెప్పాలని కోరారు. ఆ ప్రసంగం అచ్చయింది. 1810లో చిత్రకారుడు రాఫెల్ పీల్ ఆయన చిత్తరువును వ్రాశాడు. గురువు అంగీలో, చేత బైబిలుతో ఉన్న ఆ చిత్రం డెలావేర్ చిత్రకళాశాలలో ఉంది. ఆయన బానిసగా పుట్టిన రాష్ట్రం అదే.

1814లో బ్రిటిషువారు వాషింగ్టన్ నగరాన్ని తగులబెట్టినపుడు ఫిలడెల్ఫియా రక్షణకు జోన్స్, ఆలెన్, ఫోర్టెన్ పిలుపు ఇవ్వగా రెండువేల అయిదువందలమంది నల్లవారు వెళ్ళి కందకాలు, బురుజులు కట్టారు. మూడేళ్ళు గడవకముందే స్వతంత్రులైన నల్లవారిని ఆఫ్రికాకు తరలించాలనే ప్రతిపాదనతో ఒక సంస్థ బయలుదేరింది. 1817 జనవరిలో బేతేలు దేవాలయంలో దాదాపు మూడువేలమంది సమావేశమయ్యారు. వేదికమీది నాయకులలో కొందరికి ఆ ప్రతిపాదన కొంత నచ్చింది కూడ. సభలోని సామాన్యులు ముక్తకంఠంతో వద్దన్నారు. తాము చెమటోడ్చిన నేల తమది కాదంటే ఒప్పుకోమన్నారు. నాయకులు జనం మాటకు కట్టుబడ్డారు.

1818 ఫిబ్రవరి 13న జోన్స్ తమ ఇంటిలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఒక్క ఏండ్లు. సెయింట్ థామస్ ఆవరణలోనే సమాధి చేశారు. ఆయన పోయిన నలభై ఆరేండ్లకు, అంతర్యుద్ధం ముగింపుకు వస్తున్న 1864లో, సెయింట్ థామస్ ప్రతినిధులు మొదటిసారి ప్రాంతీయ మహాసభలో కూర్చున్నారు. ఆ కట్టడి పడినప్పటినుండి అరవై తొమ్మిదేళ్ళు పట్టింది.

నగరం పెరిగిన కొద్దీ సంఘం స్థలం మారుతూ వచ్చింది. అయిదవ వీధి కట్టడం ఇప్పుడు లేదు. సంఘం 1890లో పన్నెండవ వీధికి, తరువాత పశ్చిమ ఫిలడెల్ఫియాకు, 1990 దశకం ఆరంభంలో ఓవర్‌బ్రుక్ ప్రాంతానికి తరలింది. జోన్స్ అస్థికలు కూడ ఒక శ్మశానం నుండి మరొక శ్మశానానికి మారి, చివరకు తమ సంఘపు దేవాలయంలోనే ఆయన పేరిట నెలకొల్పిన బలిపీఠం చెంతకు చేరాయి. అమెరికా ఎపిస్కోపల్ సంఘం ఫిబ్రవరి 13ను ఆయన స్మారకదినంగా తన పంచాంగంలో చేర్చుకొంది. ఏటేటా ఆ రోజులలో నల్లజాతి విద్యార్థులు చదివే కళాశాలల కోసం ఆయన పేరిట కానుకలు సేకరిస్తున్నారు.